ఆదివారం బంతి, రాత్రి పుస్తకం, మధ్యలో ఇల్లు

మీ ప్రశ్నను నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలియడం కోసం ముందుగా దాన్ని నా మాటల్లో చెబుతాను. మీకు 36 ఏళ్లు, అనంతపురంలో ఉద్యోగం. మీ భార్య ప్రైవేటు బడిలో టీచరు. తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, మీ దగ్గరే ఉంటున్న మీ అమ్మగారు, ఇదీ ఇల్లు. బెంగళూరులో చదువుకునే రోజుల్లో అంటుకున్న రగ్బీని (కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తే ఆట) వదల్లేక ఆదివారం పొద్దున మిత్రులతో కలిసి ఆడుతున్నారు. రాత్రి పదిన్నరకు పుస్తకం తెరిస్తే పన్నెండు దాటేదాకా మూయరు. “ఆదివారమైతే ఉండరు, తక్కిన రోజుల్లో ఉండీ లేనట్టే” అని మీ ఇంటావిడ ఈ మధ్య అన్న మాట మీకు గుచ్చుకుంది. రెండింటిలో ఒకటి మానుకోవాలా, మానుకుంటే ఏది, రెండూ నిలుపుకునే దారి ఏదైనా ఉందా అని అడిగారు. టీవీలో ఆట చూడటం గురించి కూడా అడిగి, పాపకు బంతి కొనిపెట్టవచ్చా అని చివర్లో ఒక చిన్న ప్రశ్న జోడించారు.

నేను కడపలో 29 ఏళ్లు ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. చెన్నై నందనంలోని వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలలో చదువుకునేటప్పుడు ఆ నగరంలో ఈ ఆట నాకు పరిచయమైంది. 44వ ఏడు వచ్చేదాకా మనుషులను పట్టి పడేసే అసలు ఆటే ఆడాను, ఆ తర్వాత తాకి వదిలేసే టచ్ రగ్బీకి మారాను. పుస్తకాల పిచ్చి అంతకంటే పాతది. పెళ్లయి 33 ఏళ్లయింది. మీకు సలహా చెప్పడానికి నాకున్న అర్హతల్లో ముఖ్యమైనది, మీరు చేస్తున్న పొరపాట్లన్నీ మీకంటే ముందుగా, మీకంటే గట్టిగా చేసి ఉండటం.

మీ భార్య చెప్పింది ఒక ఫిర్యాదు కాదు, రెండు. మీరు రెండింటినీ కలిపి “సమయం చాలడం లేదు” అనే ఒకే మాటగా విన్నారు, అందువల్లే దేన్ని వదిలేయాలనే లెక్కలో పడ్డారు. రగ్బీ మిమ్మల్ని ఇంట్లోంచి ఒంటితో సహా తీసుకుపోతుంది. పుస్తకం ఒంటిని ఇంట్లోనే ఉంచి చెవులను తీసుకుపోతుంది. మొదటిదానికి కావలసింది కచ్చితమైన గడియారం. రెండోదానికి గడియారంతో పనిలేదు, మీరు ఐదు నిమిషాలే చదివినా ఆ ఐదు నిమిషాల్లో పిలిస్తే పలుకుతారా లేదా అన్నదే అక్కడి లెక్క. మీరేమో ఆదివారం అరగంట ముందుగా ఇంటికి వచ్చి, ఆ అరగంటా పుస్తకం పట్టుకుని కూర్చుంటున్నానని రాశారు. రాయితీ ఇచ్చానని మీరు అనుకుంటున్న చోట ఆమెకు రెండు ఫిర్యాదులూ ఒకేసారి ఎదురవుతున్నాయి.

ముందుగా ఆదివారం సంగతి.

పదిహేను మంది ఆడే రగ్బీ 80 నిమిషాలు. మీలాంటి చిన్న బృందాలు ఆడే సెవెన్స్‌లో, అంటే జట్టుకు ఏడుగురే ఆడే ఆటలో, ఒక్కో సగం 7 నిమిషాలు, నడుమ విరామం మహా అయితే 2 నిమిషాలు. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం “ఆట మొత్తం కలిపి పద్నాలుగు నిమిషాలే” అని మా ఆవిడకు చెప్పి బయల్దేరాను. అందులో అబద్ధం లేదు. అయితే సెవెన్స్ పోటీ అంటే ఒకే రోజు నాలుగైదు మ్యాచ్‌లు, ఒక మ్యాచ్‌కూ ఇంకో మ్యాచ్‌కూ మధ్య గంటా రెండు గంటల నిరీక్షణ, చివర్లో ఎవరి మోకాలు ఎలా ఉందో మాట్లాడుకోవడం, టీ, మళ్లీ మాటలు. నేను ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదున్నర. ఆ పద్నాలుగు నిమిషాల మాట 33 ఏళ్లుగా మా ఇంట్లో సామెతలా వాడుకలో ఉంది. నేను ఏ పనికైనా “ఇప్పుడే వస్తాను” అంటే “పద్నాలుగు నిమిషాలేనా?” అని మా ఆవిడ అడుగుతుంది, ఇప్పుడు మా కోడలు కూడా అడుగుతోంది.

మన ఊళ్లలో ఆదివారం పొద్దున ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. అప్పట్లో మా వీధికి కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు, ఆరింటి నుంచి ఏడింటి దాకా వచ్చేవి. ఆ వరుస ఆదివారానికి పడిందంటే నేను మైదానంలో బంతి వెంట పరుగెత్తే సమయానికే మా ఆవిడ ఒక చేత్తో పైపు, మరో చేత్తో చంటిదాన్ని పట్టుకుని రెండు డ్రమ్ములు, తొట్టి, బిందెలు నింపుతూ ఉండేది. తొమ్మిది దాటితే పొట్టేలు మాంసం దుకాణంలో మంచి ముక్క దొరకదు. పదింటికి చుట్టాలెవరో దిగుతారు. ఇదంతా జరిగాక నేను మట్టికొట్టుకున్న బట్టలతో వచ్చి, తలంటుకుని, సంకటీ పులుసూ కడుపునిండా తిని, నాలుగింటి దాకా పడుకునేవాణ్ని. సోమవారం కుంటుకుంటూ కళాశాలకు పోయేవాణ్ని, మంగళవారం దాకా బిందె ఎత్తమంటే నడుము నొప్పి. ఆట గంటన్నరే కావచ్చు, ఇంటికి పడే ఖర్చు మాత్రం ఒకటిన్నర రోజు. మీ భార్య లెక్క చూస్తున్నది ఆ ఒకటిన్నర రోజును, మీరు చెబుతున్నది గంటన్నరను. మీ ఇద్దరికీ లెక్క కుదరకపోవడానికి కారణం అదే.

నేను తర్వాత దిద్దుకున్నది మూడు విషయాల్లో. పోయే వేళ చెప్పడం మానేసి వచ్చే వేళ చెప్పడం మొదలుపెట్టాను, ఆ వేళ దాటే పరిస్థితి వస్తే ఆట మధ్యలోనైనా బయటికి వచ్చేశాను. మొదట్లో మిత్రులు ఎగతాళి చేశారు. ఆరు నెలలకు వాళ్లలో ముగ్గురు నాతో పాటే లేవడం మొదలుపెట్టారు, ఎందుకంటే ఎవరో ఒకరు లేస్తే చాలునని అందరూ ఎదురుచూస్తున్నారని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. రెండోది, వచ్చేటప్పుడు మాంసం నేనే తేవడం. దీనికోసం ముందు రోజే దుకాణంలో చెప్పి పెట్టేవాణ్ని. మూడోది అన్నిటికంటే కష్టమైనది: మధ్యాహ్నం నిద్ర మానడం. ఒళ్లు నొప్పులు నా సంపాదన కాబట్టి వాటిని నేనే మోయాలని నిర్ణయించుకున్నాను. నిద్ర ఆగనంత అలసట వస్తోందంటే ఆ వారం అతిగా ఆడినట్టు అని గుర్తుపట్టి, తర్వాతి వారం తగ్గించుకున్నాను. నీళ్ల వరుస ఆదివారానికి పడినప్పుడు ఆట ఏడుంపావుకు మొదలయ్యేది, అంతే. ఏడుగురు పెళ్లయిన మగవాళ్లున్న జట్టులో నీళ్ల వేళను బట్టి ఆట వేళను మార్చుకోవడానికి అంత కాలం పట్టడం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

రగ్బీలో బంతిని చేత్తో ముందుకు ఇవ్వకూడదు, వెనకున్న వాళ్లను చూసుకునే ఇవ్వాలి అనే నియమాన్ని సంసారానికి అన్వయించి ఉపన్యాసాలు చెప్పేవాళ్లను నేను చూశాను. ఆ పని నేను చేయను. సంసారం రగ్బీలాంటిది కాదు, అక్కడ విజిల్ ఊదేవాడు ఉండడు.

ఇక మీరు ప్రశ్నలో రాయని విషయం, కానీ మీ భార్య మనసులో ఉండి తీరే విషయం, దెబ్బల భయం. మీ ఇంటి ఆదాయంలో పెద్ద భాగం మీ జీతమేనని రాశారు కాబట్టి దీన్ని మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి.

నా 41వ ఏట జరిగింది చెబుతాను. ఒక ఆదివారం ఎదుటి కుర్రవాణ్ని పట్టుకోబోయి అతడి మోకాలు నా చెవి పైన తగిలింది. పడిపోయాను, లేచాను, రెండు నిమిషాలు పక్కన కూర్చుని మళ్లీ దిగాను. ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. మా ఆవిడ చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. “మీ అన్న ఫోన్ చేసినాడా?” అని అడిగాను. చేసినాడంది. కాసేపటికి మళ్లీ అదే అడిగాను. మూడోసారి అడిగినప్పుడు ఆమె చాట పక్కన పెట్టి, “ఈ మాట ఇంతకు ముందే రెండుసార్లు అడిగినారు గదా” అని నా మొహంలోకి చూసింది. నాకు ఆ రెండుసార్లు గుర్తు లేవు. ఈలోగా కడుపులో తిప్పి వాంతి అయింది. పక్కింటి ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడ మొదట చూసినాయన “ఎండదెబ్బ” అని గ్లూకోజు ఎక్కించి పంపబోతే, దెబ్బ తగిలిందేమోనని నా తల తడిమి వాపు చూపించింది కూడా ఆమే. రెండు రోజులు పడుకోబెట్టి స్కానింగ్ తీశారు, లోపల రక్తస్రావం లేదన్నారు. ఆ రెండు రోజులూ ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం, “తగిలిందని చెప్పి ఉంటే కోప్పడేదాన్ని, చెప్పకపోతే ఏం చేసేదాన్ని?” అంది.

కనుక ఈ విషయంలో నా మాట సలహాగా కాక నియమంగా తీసుకోండి. తలకు దెబ్బ తగిలి మాట తడబడినా, తల తిరిగినా, వాంతి వచ్చినా, అడిగిందే అడుగుతున్నా, ఒక్క క్షణం స్పృహ తప్పినా ఆ రోజుకు ఆట ముగిసినట్టే. ప్రపంచ రగ్బీ సమాఖ్య కూడా అనుమానం వస్తే చాలు ఆటగాణ్ని బయటికి తీసుకురావాలనీ, మనలాంటి సాధారణ ఆటగాళ్లు తలదెబ్బ తర్వాత కనీసం 21 రోజులు దాటకుండా మళ్లీ పోటీకి దిగకూడదనీ చెబుతోంది. తలకు తొడిగే మెత్తటి టోపీ గీతలను, చెవి చిరగడాన్ని ఆపుతుంది గానీ మెదడు అదరడాన్ని ఆపదు. నోటిలో పెట్టుకునే గార్డు పళ్లను కాపాడుతుంది, అందుకోసం తప్పక పెట్టుకోండి. తగిలిన ప్రతి దెబ్బా ఇంట్లో చెప్పండి, చిన్నదైనా. భయం దెబ్బను చూసి పెరగదు, దాచిపెట్టారన్న అనుమానంతో పెరుగుతుంది.

మన నేల గురించి కూడా రెండు మాటలు. ఈ ఆట తడి నేల మీద, పచ్చిక మీద పుట్టింది. వాన చాలా తక్కువ పడే మీ అనంతపురం జిల్లాలో ఎర్రమట్టీ గులకరాళ్లూ కలిసిన మైదానం జనవరి దాటితే సిమెంటు గచ్చులా అవుతుంది. నల్లరేగడి అయితే బెత్తెడు వెడల్పున పగులుతుంది, అందులో చీలమండ ఇరుక్కుంటే నెలల తరబడి మంచమే. అలాంటి నేల మీద ట్యాకిల్ చేయడం, అంటే మనిషిని పట్టి పడేయడమంటే, భుజాన్నీ మెడఎముకనూ పందెం కాయడమే. మీ ఊళ్లోనే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి క్రీడా ప్రాంగణం ఉంది, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడే జరిగాయి. క్రికెట్ మైదానం మీదికి మిమ్మల్ని రానివ్వరు గానీ, మరేదైనా పచ్చిక నేల వారంలో ఒక పూట దొరుకుతుందేమో పద్ధతిగా ఒక ఉత్తరం రాసి అడగండి. దొరక్కపోతే ట్యాకిల్ వదిలేసి టచ్ ఆడండి. జట్టుకు ఆరుగురు, ఆరుసార్లు తాకించుకుంటే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. పరుగు, పాస్, ఎత్తుగడ అన్నీ అలాగే ఉంటాయి, భుజాలు మాత్రం పదిలంగా ఉంటాయి. నేను 44లో మారాను, 36లోనే మారి ఉంటే బాగుండేదని ఇప్పుడు మెట్లెక్కినప్పుడల్లా అనిపిస్తుంది. ఏడాదిలో రెండు మూడుసార్లు, వానలకు నేల మెత్తబడ్డాక, అసలు ఆట ఆడుకోండి. పూర్తిగా మానమని నేను చెప్పను.

బీమా విషయం క్లుప్తంగా చెబుతాను. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలకు వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రమాదంలో మరణిస్తేనో శాశ్వత వైకల్యం కలిగితేనో 2 లక్షల దాకా ఇస్తుంది, ఎముక విరిగితే ఆస్పత్రి ఖర్చు ఇవ్వదు. మీ ఆరోగ్య బీమా పత్రంలో ఆటల్లో తగిలే దెబ్బలకు మినహాయింపు రాసి ఉందేమో చూసుకుని, ఆ పేజీని మీ భార్యకు కూడా చూపించండి.

ఇప్పుడు పుస్తకం. నా ఉద్దేశంలో మీ ఇంట్లో అసలు తగాదా ఇదే. రగ్బీ కంటికి కనబడుతుంది కాబట్టి తిట్లు దానికి పడుతున్నాయి.

చదివేవాడి నిశ్శబ్దం పక్కవాళ్లకు మూసిన తలుపులా ఉంటుంది. మీరు ఏ ఊళ్లో, ఏ కాలంలో తిరుగుతున్నారో, ఎందుకు నవ్వారో వాళ్లకు తెలియదు. పిలిస్తే “ఊఁ” అంటారు, ఆ “ఊఁ”కు అర్థం విన్నాననా, వద్దనా, తర్వాతనా అన్నది ఎవరికీ అంతుపట్టదు. నేనైతే ఒకసారి ఆ “ఊఁ”తోనే మా బావమరిది పెళ్లికి పదివేలు సర్దుతానని మాటిచ్చేశాను, ఆ సంగతి పెళ్లికి వారం ముందు తెలిసింది.

ఇక్కడ నాకు పనికొచ్చింది గడియారం కాదు, గొంతు. మా అత్తగారికి రెండు కళ్లలో శుక్లాలు ముదిరి మా ఇంట్లో ఉన్న రోజులవి. ఆమె చదువుకున్న మనిషి, వారపత్రికల సీరియళ్లు తప్పక చదివే మనిషి, అక్షరం కనబడక కుమిలిపోతూ ఉండేది. ఒక రాత్రి ఆమె అడగకుండానే నేను చదువుతున్న కథను గొంతెత్తి చదివాను. రెండు పేజీలయ్యేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మూడో రోజుకు మా ఆవిడ చిక్కుడుకాయలు గిల్లుకుంటూ గడప దగ్గర చేరింది. వారం తిరిగేసరికి “నిన్న ఆ పిల్ల బస్సు దిగినాక ఏమైంది?” అని పిల్లలు అడగడం మొదలుపెట్టారు. అత్తగారికి ఆపరేషన్ అయి చూపు వచ్చాక కూడా “నువ్వు చదివితేనే బాగుంటుంది నాయనా” అంది. నేను చదివిన పుస్తకాలే, వెచ్చించిన సమయమూ అంతే, మూసిన తలుపు మాత్రం తెరుచుకుంది. మీ అమ్మగారు మీ దగ్గరే ఉన్నారు. భోజనాలయ్యాక అరగంట ఆమె పక్కన కూర్చుని చదివి చూడండి. అన్ని పుస్తకాలూ గొంతెత్తి చదవడానికి లొంగవు. మాండలికంలో రాసిన కథలు బాగా లొంగుతాయి, మన సీమ మాటలున్నవైతే మరీ. వ్యాసాలూ విమర్శా మీరొక్కరే చదువుకోవాల్సినవి. వాటికి తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు దాకా పెట్టుకుంటే ఎవరి నిద్రకూ దీపం అడ్డు రాదు. రాత్రి పన్నెండు దాకా చదివి పొద్దున చిరాకుగా లేచే అలవాటును మాత్రం వదులుకోమని గట్టిగానే చెబుతున్నాను.

పిలిస్తే వేలు పేజీలో పెట్టి, తలెత్తి, మొహం చూసి జవాబు చెప్పండి. పది క్షణాల పని. దాన్ని నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

రగ్బీనీ పుస్తకాన్నీ ఇంటిలోపలికి తేవడానికి ఇంకో దారి, ఆ రెండూ కలిసే కథలు పిల్లలకు చెప్పడం. మా పిల్లలకు చాలా ఇష్టమైనది కలకత్తా కప్పు కథ. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఇంగ్లండ్ వాళ్లు ఒక పక్క, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్లు ఇంకో పక్క నిలిచి రగ్బీ ఆడారు. మరుసటి నెలలోనే అక్కడొక క్లబ్బు పుట్టింది, నాలుగైదేళ్లకే సభ్యులు పలచబడి మూతపడే స్థితికి వచ్చింది. అప్పుడు వాళ్లు క్లబ్బు ఖాతాలో మిగిలిన 270 వెండి రూపాయలు తీయించి, కరిగించి, ఒక కప్పు చేయించి ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు పంపారు. దాని చేతిపిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి నేటి దాకా ఇంగ్లండూ స్కాట్లండూ దాదాపు ఏటా పోటీపడుతున్నది మన దేశపు రూపాయలు కరిగించి చేసిన ఆ కప్పు కోసమే. ఈ కథ విన్న రాత్రి మా వాడు తన డిబ్బీలోని చిల్లర స్టవ్ మీద కరిగించబోయి తల్లి చేతిలో దెబ్బలు తిన్నాడు, ఆ పాపంలో సగం నాదే.

కడపలో సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. యోగి వేమన విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతోంది. పిల్లలను అక్కడికి తీసుకుపోయినప్పుడు మా అమ్మాయి “నాయనా, బ్రౌన్ దొర రగ్బీ ఆడినాడా?” అని అడిగింది. ఇంటికొచ్చి లెక్కలు చూశాం. రగ్బీ అనే ఊరి బడిలో విలియం వెబ్ ఎలిస్ అనే పిల్లవాడు కాలితో ఆడే బంతిని చేతుల్లోకి తీసుకుని పరుగెత్తాడని చెప్పే కథ 1823 నాటిది. అప్పటికి బ్రౌన్ మన దేశానికి వచ్చి ఆరేళ్లు, కడపలో మొదట కాలుపెట్టి మూడేళ్లు. కాబట్టి ఆడి ఉండడు. ఇంకొంచెం చదివితే తేలింది ఏమిటంటే, ఆ ఎలిస్ కథ కూడా అతడు చనిపోయిన తర్వాత 1876లో ఒకాయన ఎవరో చెప్పగా విన్నానని పత్రికకు రాసిన సంగతే, కళ్లారా చూసినవాళ్లు రాసిన ఆధారం లేదు. అయినా ప్రపంచ కప్పుకు అతడి పేరే పెట్టారు. పుస్తకంలో రాసినదాన్ని కూడా ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడగాలని మా అమ్మాయి ఆ సాయంత్రం నేర్చుకుంది. ఇప్పుడు ఆమె చరిత్ర పాఠాలు చెబుతోంది.

మన జిల్లా గ్రంథాలయాలకు సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటాయి. ఆట నుంచి వచ్చాక, భోజనానికి ముందో సాయంత్రమో, పిల్లలిద్దరినీ తీసుకుని అక్కడికి పొండి. మీ భార్యను రమ్మనకండి. ఇది ముఖ్యం. ఆమె వారమంతా పిల్లల మధ్యే ఉంటుంది, ఆదివారం కూడా పరీక్ష పేపర్లు దిద్దుతుందని మీరే రాశారు. మీకు ఆదివారం పొద్దున ఉంది, రాత్రి పుస్తకం ఉంది, ఆమెకేముందో మీ ప్రశ్నలో ఎక్కడా కనబడలేదు. నేను ఈ మాట మా ఆవిడను అడగడానికి పెళ్లయిన పన్నెండేళ్లకు గానీ తోచలేదు. “రెండు గంటలు నన్ను ఎవరూ పిలవగూడదు” అంది, అంతే. ఏం చేసేదంటారా, మేడ మీద నీడలో కూర్చుని బొరుగులు తింటూ రోడ్డు చూసేది. చూసి చూసి, ఒక ఏడాది తర్వాత తనంతట తానే సంగీతం నేర్చుకోవడానికి పోతానంది. అది వేరే కథ.

టీవీలో ఆట చూడటం గురించి కూడా మీరు అడిగారు. ఐరోపాలో ఆరు దేశాల పోటీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది, మ్యాచ్‌లు మనకు సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా పడతాయి. మన పిల్లల పరీక్షలు కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. మీ పాప పెద్ద తరగతులకు వచ్చాక ఆ రెండు నెలలూ ఫలితం తెలియకుండా ఉండి మరునాడు చూసుకోవడం తప్ప దారి లేదు. 2023 ప్రపంచ కప్పు ఫైనల్ పారిస్‌లో జరిగితే మనకు రాత్రి పన్నెండున్నరకు మొదలైంది. నేను శబ్దం తీసేసి, తలుపు దగ్గరికి వేసి చూశాను. దక్షిణాఫ్రికా 12, న్యూజిలాండ్ 11 అని తేలేసరికి దిండు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది. 2027 ప్రపంచ కప్పు మాత్రం ఆస్ట్రేలియాలో, అక్టోబరు, నవంబరు నెలల్లో. అక్కడి సాయంత్రపు మ్యాచ్‌లు మనకు మధ్యాహ్నం వేళకు వస్తాయి, ఇంటిల్లిపాదీ కలిసి చూడవచ్చు. నియమాలు ముందుగా చెప్పి పెట్టండి: ట్రైకి, అంటే ఎదుటివాళ్ల గీత దాటి బంతిని నేలకు తాకిస్తే, 5, దాని తర్వాతి కిక్‌కు 2, పెనాల్టీ కిక్‌కు 3. ఆ మూడు అంకెలు తెలిస్తే మీ అమ్మగారు కూడా స్కోరు చెప్పగలరు.

చివరికి పాప బంతి సంగతి. తప్పక కొనండి. ఆడపిల్లకెందుకని ఇంట్లో ఎవరైనా అంటే, మన దేశపు మహిళల జట్టు 2019లో సింగపూర్‌పై 21–19తో గెలిచి పదిహేను మంది ఆటలో తొలి అంతర్జాతీయ విజయం సాధించిందని చెప్పండి. తొమ్మిదేళ్లు నిండిన పాపకు నాలుగో నంబరు బంతి సరిపోతుంది. మీరాడే ఐదో నంబరు బంతి ఇవ్వకండి, ఆ చేతులకు అందక, పట్టుకోలేక విసుగొస్తుంది. తమ్ముడికి మూడో నంబరు. రెండేళ్ల పాటు ట్యాకిల్ మాట ఎత్తకుండా, నడుముకు రెండు పక్కలా గుడ్డపీలికలు దోపి, పీలిక లాగితే ఆగిపోవాలనే ఆట ఆడించండి. మీ మేడ మీద ఆడించేటట్టయితే పిట్టగోడ ఎత్తు ముందే చూసుకోండి, ఎందుకంటే ఈ బంతి నేలకు తగిలాక ఏ వైపు ఎగురుతుందో దాన్ని చేసినవాడు కూడా చెప్పలేడు. మాది మూడుసార్లు పక్కింటి వాళ్ల ఒడియాల మీద పడింది.